సార్ కాలు సంగతి

21 డిసెంబరు 1983, బుధవారం. పుంగనూరు

ఆదివారం పొద్దున ఆయన పోయారు. గుండె. సోమవారం సమాధి చేశాం. నిన్నటి రోజు ఎలా గడిచిందో తెలియదు. ఈ రోజు బియ్యం డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో పెట్టాను. పురుగేమీ లేదు. ఊరికే కడిగాను.

23 డిసెంబరు

వీధిలో మనవాళ్ల ఇళ్లన్నిటి ముందూ కాగితం నక్షత్రాలు కట్టారు. మా ఇంటి ముందు లేదు. ఎవరూ అడగలేదు, అదే మంచిది.

పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. జనవరి ఇరవై రెండు ఆదివారం, ఆరాధన అయ్యాక జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నారు. మా సంఘంలో ఆ కూడికలో పోయినవారి జీవిత చరిత్ర చదవడం ఆచారం. మామూలుగా ఇంటి మగవాళ్లు చదువుతారు. అయ్యగారు నన్ను రాయమన్నారు. దయామణమ్మ రాస్తే తేదీలు తప్పవని ఊళ్లో అనుకుంటారట. సరేనన్నాను. తేదీలదేముంది, అన్నీ నా దగ్గర ఉన్నాయి.

25 డిసెంబరు

చర్చికి వెళ్లాను. వచ్చాను.

27 డిసెంబరు

రాయడం మొదలుపెట్టాను. చిత్తు ప్రతి ఇక్కడే పెడుతున్నాను.

శాంతిరాజు. 1929లో గుర్రంకొండ దగ్గర పుట్టారు. చదువు మదనపల్లె మిషను స్కూల్లో. 1950లో సైన్యంలో చేరారు. జవాన్లకు చదువు చెప్పే హవల్దారు. 1955లో వివాహం. 1965 యుద్ధం అప్పుడు పఠాన్‌కోట్ డిపోలో పని. 1966లో సికింద్రాబాద్‌కు బదిలీ.

అక్కడ ఆగాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. పొంగిపోయాయి. గట్టు కడిగేసరికి చీకటి పడింది, మళ్లీ కూర్చోలేదు.

28 డిసెంబరు

మదనపల్లె నుంచి విల్సన్ బావ వచ్చారు. మా ఆయనకు అన్న. అక్కడి చర్చిలో సంఘ పెద్ద. తమ్ముడు పోయినప్పటి నుంచి మనిషి సగమయ్యారు కానీ ఈ రోజు ముఖంలో కళ ఉంది. మా హైస్కూలు హెడ్మాస్టరు లక్ష్మీపతి గారు బావను కలిశారట. మా ఆయన ఇక్కడ పదిహేనేళ్లు లెక్కలు చెప్పారు కాబట్టి, రిపబ్లిక్ డే నాడు జెండా కర్ర దగ్గర ఒక రాయి పెడతారట. రాయి మీద రాయించే వాక్యం బావ నోటికి చెప్పారు. ‘పాకిస్తాన్ యుద్ధంలో దేశం కోసం గాయపడిన వీర జవాను, మా ప్రియ గురువు శాంతిరాజు.’

రెండుసార్లు చెప్పారు.

"పిల్లాజెల్లా లేకపోయిరి మీకు. పేరన్నా ఊర్లో నిలబడాల గదమ్మా. రాయుంటే నిలబడతాది" అన్నారు.

కాఫీ ఇచ్చాను. బావకు చక్కెర తక్కువ వేయాలి, వేశాను. వాక్యం గురించి ఏమీ అనలేదు. అలాంటివి అనడానికి సమయమూ సందర్భమూ ఉండాలి.

29 డిసెంబరు

కాలు సంగతి ఇక్కడ రాసుకుంటే తప్పేమీ లేదు.

ఆయన కాలికి యుద్ధంలో దెబ్బ తగల్లేదు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఆఫీసర్లు గోల్ఫు ఆడే మైదానం ఉండేది. ఈయనకు అక్కడ డ్యూటీ పడింది. కింది ర్యాంకులవాళ్లు కర్రలు మోయాలే తప్ప బంతి ముట్టకూడదు. మునిరత్నం అని కుప్పం మనిషి అదే డ్యూటీలో ఉండేవాడు. చిన్నతనంలో కోలారు గనుల్లో దొరల కర్రలు మోసినవాడు, ఆట తెలుసు. అతనే దొంగచాటుగా ఈయనకు నేర్పాడు. ఒక రోజు వాన పడుతుంటే ఆఫీసర్లంతా క్లబ్బులోకి పోయారు. ఈయన మేజరు గారి కర్ర తీసుకుని ఒక్క దెబ్బ కొట్టి చూద్దామని నిలబడ్డారు. తడి గడ్డి మీద కాలు జారి కల్వర్టు గుంతలో పడ్డారు. తొడ ఎముక విరిగింది. అతికింది గానీ పొట్టి పడింది. మరుసటి ఏడాది ఇంటికి పంపేశారు.

ఇంటికి వచ్చిన రాత్రి నాకు ఇదంతా నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను.

అప్పుడు మదనపల్లెలో బావ ఇంట్లోనే ఉన్నాం. ఆ ఆదివారం బావ ఆయనను చర్చిలో ముందు వరుసలో కూర్చోబెట్టి దండ వేశారు. అప్పటి ముసలి అయ్యగారు, యుద్ధభూమి నుంచి గాయాలతో తిరిగి వచ్చిన బిడ్డ కోసమని స్తోత్ర ప్రార్థన చేశారు. అందరూ ఏడ్చారు. నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని ఆయననే చూస్తున్నాను. ఇప్పుడు లేచి చెబుతారు అనుకున్నాను. తల వంచుకుని కూర్చున్నారు. ప్రార్థన అయిపోయింది.

దాన్ని నేను ఎప్పుడూ మనసులో పెట్టుకోలేదు.

1 జనవరి 1984, ఆదివారం

కొత్త సంవత్సరం ఆరాధన. కూర్చుని లేచేటప్పుడు మోకాళ్లు పట్టేశాయి.

ఆదివారాలు ఆయన చీకటితో లేచి ఊరి బయట బీడుకు పోయేవారు. అక్కడ గడ్డి మొలవదు. బంతి పడే గుంత చుట్టూ ఇసుక పోసి, బస్సుల్లో తీసేసిన పాత ఆయిలు కలిపి, గుండ్రంగా చదును చేసేవారు. గాలికి ఇసుక లేవకుండా, బంతి సాఫీగా దొర్లేలా. దాన్ని బ్రౌను అంటారట. ఆడి, గోనెపట్టతో మళ్లీ చదును చేసి, నేరుగా చర్చికి వచ్చేవారు. ఆ ఆయిలు మరకలు మామూలు సబ్బుకు పోవు. ముందు కిరసనాయిలుతో తుడవాలి, తర్వాత వేడి నీళ్లు, తర్వాత సబ్బు. సోమవారం పొద్దంతా ఆ ప్యాంటుతోనే సరిపోయేది.

ఏడాదికొకసారి కుప్పం పోయి మునిరత్నం ఇంట్లో దిగి, ఇద్దరూ రైల్లో కోలారు గనుల క్లబ్బుకు పోయేవారు. ఒక ఏడు పోటీలో రెండో బహుమతి ఫ్లాస్కు వచ్చింది. దాన్ని టేబులు మీద బైబిలు పక్కన పెట్టుకున్నారు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో వేడి నీళ్లు అందులోనే తీసుకుపోయాను.

ఆ ఆటలో ఎవరి దెబ్బలు వాళ్లే లెక్కపెట్టుకోవాలట. బీడులో చూసేవాళ్లు మేకలు తప్ప ఎవరూ లేరు. అయినా బంతికి కర్ర తగలకుండా తప్పిపోయినా సరే, అదొక దెబ్బ కిందే వేసుకునేవారు. ఇంటికొచ్చి, ఈ రోజు బాగా ఆడలేదు అని దిగులుగా చెప్పేవారు. నేను, ఎవరికి తెలుస్తుంది, ఒకటి తగ్గించుకోండి అంటే కోప్పడేవారు. నాకు తెలుసు కదా అనేవారు.

నేను అన్నం వడ్డించేదాన్ని.

మనసులో పెట్టుకోలేదనే చెబుతున్నాను.

3 జనవరి

లక్ష్మీపతి గారు వచ్చారు. తొమ్మిదేళ్లుగా హెడ్మాస్టరు, మంచి మనిషి. యూనిఫారంలో ఉన్న ఫోటో కావాలన్నారు. వెతికి ఇస్తానన్నాను. ఎక్కడుందో నాకు తెలుసు.

సార్ ఉండగానే ఈ రాయి పెట్టాలనుకున్నాం, ఆయన ఒప్పుకోలేదు, అన్నారు. ఎందుకు ఒప్పుకోలేదో నేను అడగలేదు. ఏ ముఖంతో ఒప్పుకుంటారు అనుకున్నాను.

6 జనవరి

‘సైన్య సేవలో కాలికి గాయమైంది’ అని రాశాను. అబద్ధం కాదు.

7 జనవరి

మళ్లీ చదివాను. బాగానే ఉంది.

9 జనవరి

బాగాలేదు. ఆ వాక్యం విన్నవాళ్లకు యుద్ధమే వినిపిస్తుంది. అలా వినిపించాలనే రాశాను. ఇంటి పద్దు ఎప్పుడూ ఇలా రాయలేదు నేను.

అయితే నిజం చదవాలి. చదివితే ఊరంతా ఒకటే అడుగుతుంది, మరి పదహారేళ్లు సార్ ఎందుకు నోరు మూసుకున్నాడు అని. దానికి నా దగ్గర జవాబు లేదు. చనిపోయిన మనిషిని నా నోటితో అబద్ధాలకోరును చేయాలి. లేదా రాయి మీద అబద్ధాన్ని శాశ్వతంగా చెక్కనివ్వాలి. రెండూ నా చేతిలోనే ఉన్నాయి, నాకు రెండూ వద్దు.

10 జనవరి

గోల్ఫు కర్రలు మునిరత్నానికి ఇవ్వాలి. అతనికి తప్ప ఎవరికీ పనికిరావు. పట్టుగూళ్లు అమ్మడానికి రామనగరం పోయి ఉండడంతో మా టెలిగ్రాం ఆలస్యంగా అందింది, సమాధికి రాలేకపోయానని కార్డు రాశాడు. ఎల్లుండి కుప్పం వెళ్తాను. కర్రలు ఇవ్వడానికే.

12 జనవరి, గురువారం. కుప్పం

కర్రల సంచి జిప్పు పాడైంది. పాత దుప్పటిలో చుట్టి తాడుతో కట్టాను. పలమనేరులో బస్సు మారేటప్పుడు కండక్టరు మూట తడిమి చూసి, "ఇవేందమ్మా, మడకలు గిన మోసక పోతాండావా?" అన్నాడు. నాగళ్లు కావు, ఆట కర్రలన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, లగేజీ టికెట్టు కొట్టకుండా వదిలేశాడు.

మునిరత్నం ఇల్లు ఊరి చివర. వెనక మల్బరీ తోట. పట్టుపురుగుల షెడ్డులో ఉన్నాడని ఇంట్లోవాళ్లు అక్కడికే పంపారు. పురుగులకు జబ్బు అంటకూడదని, కాళ్లు చేతులు కడుక్కుంటే గాని లోపలికి రానివ్వలేదు. మేత వేళ తప్పకూడదట, వాకిట్లో నిలబెట్టి మాట్లాడలేనని చెప్పి, తట్టలో తరిగిన ఆకు చల్లుతూనే నన్ను చూసి ఏడ్చాడు. నేనూ కాసేపు ఏడ్చాను. తర్వాత ఇంకో తట్ట ఆకు నేనందించాను.

కొంచెం సర్దుకున్నాక అడిగాను. కాలు ఎలా విరిగిందో నీకు తెలుసు కదా అన్నా, అని.

"నాకు తెల్దా? ఎత్తుకోని ఆస్పత్రికి మోసింది నేను గదమ్మా" అన్నాడు. "వానలో వద్దు సారూ అంటే యినల్యా. మేజరు కర్ర తీసుకోని, కాళ్లు ఎడం చేసి, దొరమాదిరి నిలబడె. బంతి యాడికి పోయిందో ఈపొద్దుకీ తెల్దు. మనిషి మాత్రం గుంతలో ఉండాడు."

ఏడుపు ముఖంతోనే నవ్వాడు. నేను నవ్వలేదు. ఊరంతా యుద్ధం అంటుంటే మరి ఎందుకు ఊరుకున్నారు అని అడిగాను. ఇన్నేళ్లలో ఈ మాట పైకి అడగడం ఇదే మొదలు.

మునిరత్నం చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది.

"ఊరుకున్యాడా? ఎవురు సెప్పినారు నీకు?"

తర్వాత అతను చెప్పింది ఇది. చర్చిలో దండ వేసిన మరుసటి రోజే ఆయన ముసలి అయ్యగారి ఇంటికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పారట. అయ్యగారు భుజం తట్టి, గొప్పలు చెప్పుకోని సైనికుణ్ణి ఇప్పుడే చూస్తున్నానని చెప్పి, ఆ వచ్చే ఆదివారం దాని మీదే ప్రసంగం చేశారట. ఆ ప్రసంగం నాకు గుర్తుంది. తగ్గింపు గురించి, తనను తాను గొప్ప చేసుకోని వినయం గురించి. ఎవరి గురించో నాకు తెలియలేదు. తర్వాత విల్సన్ బావకు చెప్పారట. పెద్దవాళ్ల ముందు అలా తీసేసి మాట్లాడకు, నాకు తలవంపులు అని బావ కోప్పడ్డారట. పుంగనూరు వచ్చాక ప్రతి రిపబ్లిక్ డేకి చెప్పేవారట. ఒకసారి మునిరత్నం కూడా స్కూల్లో ఉన్నాడు.

"మైకు పట్టుకోని, పిల్లలారా, నేను యుద్ధంలో తుపాకి ముట్టింది లేదు, వానలో ఆటాడబోయి పడినాను అని సెప్పె. పిల్లోళ్లు ఒకటే సప్పట్లు. మీ హెడ్మాస్టరు లేసి, సూసినారా, గొప్పోళ్లు వాళ్ల గురించి ఇట్లే మాట్లాడతారు అనె. సారు నాపక్క సూసె. నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీల్యా. ఆపైన యాష్టొచ్చి, ఇసిగిపోయి మానేసినాడు."

రిపబ్లిక్ డేలకు నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు అప్పడాలు పెట్టుకునేదాన్ని.

నాతో ఒక్కసారి కూడా ఈ మాట అనలేదే అన్నాను.

"నీకేమిటికి సెప్పాల? నీకు నిజం తెల్సు గదా. ఊరు నమ్మకపోతే పోనీలే మునిరత్నం, ఇంట్లో ఒక మనిషికి తెల్సు, నాకది సాలు అంటాండె."

నీళ్లు అడిగి తాగాను. సాయంత్రం బస్సు పోయింది. ఈ రాత్రి వీళ్ల ఇంట్లోనే ఉన్నాను.

13 జనవరి

ఇంటికి చేరాను. తలనొప్పి. పడుకున్నాను.

16 జనవరి

మనసులో పెట్టుకోలేదు అని పైన రెండుసార్లు రాశాను. కొట్టేయడం లేదు. ఏ తేదీన ఏది అనుకున్నానో అది అలాగే ఉండాలి.

19 జనవరి

జీవిత చరిత్ర పూర్తయింది. కాలు సంగతి ఉన్నదున్నట్టు రాశాను. మేజరు కర్ర, వాన, గుంత, అన్నీ. ఆయన ఎన్నిసార్లు ఎవరెవరికి చెప్పారో కూడా.

22 జనవరి, ఆదివారం

చదివాను.

కాలు సంగతి దగ్గరికి వచ్చాను. ఇప్పుడు తలెత్తి చూస్తారు, గుసగుసలాడతారు అనుకున్నాను. తలెత్తి చూస్తే ముందు వరుసలో బావ కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు. లక్ష్మీపతి గారు కూడా వచ్చారు, ఆయన మెల్లగా తల ఊపుతున్నారు. చదవడం అయ్యాక అయ్యగారు లేచి, భర్తకు ఉన్న తగ్గింపు మనసును దేవుడు భార్యకు కూడా ఇచ్చాడని, ఇలాంటి దంపతులు మన సంఘంలో ఉండడం మన భాగ్యమని అన్నారు.

బయట ఆడవాళ్లు వరుసగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. టీచరు సావిత్రమ్మ గారు నన్ను కావలించుకుని, "మొగుని గొప్ప దాసిపెట్టను ఎంత మనసుండాలమ్మా" అన్నారు.

లేదమ్మా, నిజంగానే జారిపడ్డారు అన్నాను.

"అట్లే, అట్లే" అని వీపు నిమిరారు.

23 జనవరి

ఏ పనీ చేయలేదు. మజ్జిగన్నం.

24 జనవరి, మంగళవారం

స్కూలుకు వెళ్లాను. జెండా కర్ర దగ్గర రాయి పడుకోబెట్టి ఉంది. రాళ్లు చెక్కే రంగప్ప ‘శాంతిరాజు’ వరకు చెక్కి, కింది వాక్యానికి సున్నంతో గీతలు గీస్తున్నాడు. అతణ్ణి ఆగమని చెప్పి లక్ష్మీపతి గారి గదికి పోయాను.

కూర్చోబెట్టి టీ తెప్పించారు. వాక్యం తీసేయాలన్నాను. చిరునవ్వు నవ్వారు. అదే నవ్వును మా ఆయన కూడా ఇదే గదిలో ఎన్నిసార్లు చూశారో. మళ్లీ చెప్పాను. సార్ కూడా ఇలాగే అనేవారమ్మా అన్నారు. అప్పుడు చెప్పాను, మీరు నమ్మినా నమ్మకపోయినా సరే, ఆ మాట చెక్కితే నేను ఫోటో ఇవ్వను, ఆ రోజు వచ్చి అందరి ముందూ ఇది అబద్ధమని మైకులో చెబుతాను, నన్ను కూడా చప్పట్లు కొట్టి కూర్చోబెడతారేమో చూస్తాను, అని.

నవ్వు పోయింది. కాసేపు టేబులు మీది పేపరు వెయిటు తిప్పారు.

"తప్పుగా అనుకోవద్దమ్మా, ఒక మాట అడగతాను. సార్ మీద మీకేమన్నా కోపముండాదా?"

"ఉన్నింది" అన్నాను. "ఇప్పుడు లేదు."

ఆయనకేమర్థమైందో తెలియదు. మరి ఏం రాయమంటారు అన్నారు. సైనికుడు, లెక్కల మాస్టారు, గోల్ఫు ఆటగాడు అని చెప్పాను. మూడోది బడిలో బాగుండదేమో, పిల్లలకు ఆటల పిచ్చి కూడా మనమే ఎక్కించాలా అన్నారు. ఉండాలన్నాను. ఊరంతా మా ఆయనది కాని దాన్ని ఆయనకు అంటగట్టింది, ఆయన ప్రాణంగా చూసుకున్నది ఒక్కటైనా రాయి మీద ఉండాలి. ఈ వాక్యం హెడ్మాస్టరు గారితో అనలేదు. ఉండాలని మాత్రం అన్నాను.

రంగప్ప గోల్ఫు అంటే ఏంటని అడిగి, ఏ అక్షరానికి ఏ వత్తో నన్ను నేల మీద రాసి చూపించమన్నాడు. సుద్దముక్కతో రాశాను. గీతలు చెరిపేశాడు.

25 జనవరి

బావకు తెలిసిపోయింది. పొద్దున మొదటి బస్సుకే వచ్చారు. వాకిట్లో నిలబడే మాట్లాడారు. మదనపల్లెలో పదహారేళ్లుగా అందరికీ చెప్పుకున్నానని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తిరగాలని అడిగారు. మీ తమ్ముడు మీకు కూడా చెప్పారు గదా బావా అన్నాను.

"సెప్పినాడు. నేను నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను" అన్నారు. "నా తమ్ముని గౌరవం ఎవురో కాదు, పెండ్లామే తీసేసె."

కాఫీ తాగలేదు. చక్కెర తక్కువ వేసే కలిపాను. పారబోశాను.

26 జనవరి, గురువారం

రాయి నిలబెట్టారు. బావ రాలేదు. లక్ష్మీపతి గారు క్లుప్తంగా మాట్లాడారు, యుద్ధం మాట ఎత్తలేదు. పిల్లలు మూడో పదం దగ్గర గుమిగూడి చదువుకుంటున్నారు. అక్షరాలు బాగా వచ్చాయి. వత్తు సరిగానే పడింది.

మునిరత్నం కుప్పం నుంచి వచ్చాడు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి, సారు సూసుంటే సిగ్గుపడేవాడు అన్నాడు.

29 జనవరి, ఆదివారం

చర్చిలో నా పక్కన ఇద్దరు పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. కొళాయి దగ్గర నేను బిందె పెట్టేసరికి మాటలు ఆగిపోతున్నాయి. సావిత్రమ్మ గారి ద్వారా తెలిసింది. మా ఇద్దరికీ ఏళ్ల తరబడి పడేది కాదట. అందుకే ఆయన ప్రతి ఆదివారం చీకటితో ఇల్లు వదిలి బీడుకు పోయేవాడట. ఆ కక్షతోనే రాయి మీద యుద్ధం మాట నేను తీయించానట. పోయిన ఆదివారం నన్ను కావలించుకున్నవాళ్లే ఇది చెప్పుకుంటున్నారు.

అది నిజం కాదని సావిత్రమ్మ గారితో అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని, "సంసారాలన్నాక ఉంటాయిలేమ్మా" అన్నారు. ఇంకోసారి చెప్పబోయాను. నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆయనకు కూడా ఒక రోజు ఇలాగే ఓపిక అయిపోయి ఉంటుంది.